గండిపేట వైపు పెద్ద విల్లా: 9 మీటర్ల గాజు గోడను ఏ పద్ధతిలో శుభ్రం చేయించాలి?

గండిపేట గృహస్థు:

సభ్యులందరికీ నమస్కారం. గండిపేట సమీపంలో కట్టించుకున్న ఇంట్లోకి మేము నిరుడు దిగాము. హాలుకు పడమటి వైపున నేల నుంచి పై అంతస్తు కప్పు దాకా సుమారు 9 మీటర్ల ఎత్తున గాజు గోడ ఉంది. మెట్ల వైపూ, పై అంతస్తు పడక గదులకూ కూడా నిలువెత్తు అద్దాలే పెట్టించాము. చుట్టుపక్కల ఇంకా బండలు పగలగొట్టి ఇళ్ళు కడుతూనే ఉన్నారు కనుక, తుడిపించిన వారం లోపే దుమ్ము పేరుకుంటోంది.

దుమ్ము సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది తెల్లని మరకలు. పచ్చికకు నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ల తుంపర పడే మేర, నడుము ఎత్తు వరకు, చుక్కలు చుక్కలుగా గట్టిపడిపోయాయి. ఇంట్లో పనిచేసే అబ్బాయి సబ్బు నీళ్ళు పెట్టి, పాత వార్తాపత్రికలతో ఎంత రుద్దినా కదలడం లేదు. తడిగా ఉన్నంతసేపు మాయమై, ఆరగానే మళ్ళీ తేలుతున్నాయి.

ఈ పని వృత్తిగా చేసేవారిని ముగ్గురిని పిలిచి చూపించాను. మొదటివారు బ్లేడుతో గీకి, ఆపైన 'కెమికల్' కొడతామన్నారు. అదేమిటని అడిగితే పేరు చెప్పలేదు. రెండోవారు శుద్ధి చేసిన నీటిని పొడవాటి గడ ద్వారా పైకి పంపి, నేల మీద నిలబడే కడుగుతామన్నారు. వీరు చెప్పిన ధర మొదటివారి ధరకు రెట్టింపు. మూడోవారు డాబా మీది నీళ్ళ ట్యాంకు స్తంభానికి తాడు కట్టి మనిషిని కిందికి దింపుతామన్నారు. ఉత్త నీటితో కడగడానికి అంత ధర న్యాయమేనా? పని అప్పగించే ముందు వీరిని నేను ఏమేమి అడగాలి? లోపల ఇటాలియన్ మార్బుల్ పరచి ఉందన్న సంగతి కూడా గమనించి సలహా ఇవ్వగలరు.

అద్దాల పని, కొండాపూర్:

గృహస్థు గారూ, నేను ఇదే వృత్తిలో ఉన్నాను. ఎవరిని పిలిచినా పిలవకపోయినా ముందుగా ఆ స్ప్రింక్లర్ల దిశ మార్పించండి. అద్దం మీద బోరు నీరు పడుతున్నంత కాలం ఎంత మంచి పనివారు వచ్చి చేసినా నెల తిరిగేసరికి మరకలు మళ్ళీ మొదలవుతాయి.

మనది గ్రానైటు నేల. ఇక్కడి బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలతో పాటు సిలికా కూడా కరిగి ఉంటుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీటి వసతి లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. మన వైపు బోర్లలో చాలావాటి నీరు ఆ మొదటి హద్దును దాటినదే. చుక్క ఎండలో ఆవిరైపోతే అందులోని సున్నం అద్దం మీదే మిగులుతుంది. కొత్తగా పడిన మరక పలచని సిట్రిక్ ఆమ్లానికో, వంటింటి వెనిగర్‌కో కరిగిపోతుంది. నెలల తరబడి వదిలేస్తే మాత్రం సిలికా పట్టేసి, చివరికి మరక కింద ఉన్న అద్దమే దెబ్బతింటుంది.

కాబట్టి ఇది ఏ దశలో ఉందో మీరే తేల్చుకోండి. ఒక మూల అరచేతి మేర వెనిగర్‌లో తడిపిన బట్టను పది నిమిషాలు అంటించి ఉంచి, మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి చూడండి. ఒక్క బొట్టు కూడా మార్బుల్ మీద పడనివ్వకండి. మార్బుల్ అంటే కాల్షియం కార్బొనేటే కనుక అద్దం మీది సున్నాన్ని కరిగించే ఆమ్లం దాని మెరుపునూ తినేస్తుంది.

వార్తాపత్రికలతో రుద్దించడం నేడే మాన్పించండి. బండలు కోసేటప్పుడు లేచే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్‌ది 7, మామూలు గాజుది సుమారు 5.5. అంటే ఆ దుమ్మును పొడిగా రుద్దిన ప్రతిసారీ అద్దం మీద సన్నని గీతలు పడుతున్నట్టే.

ఇక నీటికి అంత ధరా అన్నారు. మీరు డబ్బు ఇచ్చేది ఆ నీటిని సిద్ధం చేసినందుకు. ముందు ఆర్వో పొరల గుండా పంపి, తరువాత రెజిన్ (లవణాలను పట్టి ఉంచే పూసలు) నింపిన సిలిండరులో మిగిలిన లవణాలను కూడా తీసేస్తారు. అలాంటి నీరు తుడవకుండా వదిలేసినా మచ్చ లేకుండా ఆరుతుంది, ఎందుకంటే ఆరిన తరువాత మిగలడానికి అందులో ఏమీ ఉండదు. పని మొదలుపెట్టే ముందు మీ కళ్ళెదుటే టీడీఎస్ మీటరు (నీటిలో కరిగి ఉన్న లవణాలను కొలిచేది) ముంచి చూపించమనండి. గడ చివర నుంచి వచ్చే నీటిలో అది 10 పీపీఎంకు లోపల ఉండాలి. చూపించడానికి వెనుకాడేవారికి పని ఇవ్వకండి.

తెలిసినవారి పని తీరు చూస్తేనే తెలిసిపోతుంది. ముందుగా పై ఫ్రేమునూ, రబ్బరు అంచులనూ బ్రష్షుతో కడిగి, ఆ మురికి అంతా కారిపోయాకే అద్దానికి దిగుతారు. చివర బ్రష్షును కొద్దిగా ఎడంగా పట్టి పై నుంచి నీటిని పొరలా జారవిడుస్తారు. ఇంతవరకు ఇలా కడగని ఇంట్లో మొదటిసారి ఫ్రేముల సందుల్లోని దుమ్ము మళ్ళీ కారి చారలు పడతాయి కనుక, తొలి విడతలో రెండుసార్లు కడగాలని ముందే మాట్లాడుకోండి. ఎండ నేరుగా పడే వేళ బ్రష్షు కదిపినంతలోనే నీరు ఆరిపోతుంది. పడమటి గోడను ఉదయం పూటే చేయించండి.

లోపలి వైపు పద్ధతి వేరు. అక్కడ వైపర్‌తోనే పని. రబ్బరు అంచు కొత్తదిగా, పదునుగా ఉండాలి, లాగిన ప్రతిసారీ దాన్ని బట్టతో తుడవాలి. అద్దం అడుగున తువ్వాళ్ళు పరచకుండా మీ మార్బుల్ మీద నీటి బకెట్టు పెట్టేవారిని అక్కడే ఆపండి.

ముఖద్వార గాజు ఇంజనీరు:

పై వారు చెప్పినదాంతో ఏకీభవిస్తున్నాను. బ్లేడు గురించీ, పేరు చెప్పని ఆ ద్రవం గురించీ మాత్రం కొంత గట్టిగానే చెప్పవలసి ఉంది.

అంత పెద్ద పలకలు సాధారణంగా టెంపర్డ్ గాజుతో (కొలిమిలో కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచిన గాజు) చేసినవే అయి ఉంటాయి. ఒక మూల చిన్న ముద్ర కనిపిస్తుంది, చూడండి. కొలిమిలో కాల్చేటప్పుడు కంటికి ఆనని గాజు రేణువులు పలక మీద పడి అతుక్కుపోవడం కొన్ని పలకల్లో జరుగుతుంది. వేళ్ళతో తడిమితే సన్నని గరుకు తగులుతుంది. అటువంటి పలక మీద బ్లేడు నడిపితే రేణువులు ఊడి, బ్లేడు కింద చిక్కి, దాంతోపాటే జరుగుతూ పొడవునా గీతలు గీస్తాయి. అప్పటికప్పుడు కనిపించకపోయినా సాయంత్రపు ఏటవాలు వెలుతురులో ఆ గీతలన్నీ బయటపడతాయి. సిమెంటు, పెయింటు బొట్లు ఉన్నచోట మాత్రమే, బాగా తడిపి, కొత్త బ్లేడుతో, ఒకే దిశలో నెట్టే షరతు మీద తప్ప పలకంతా గీకడానికి ఒప్పుకోకండి.

గాజు మీది తెల్లమరకలకు మార్కెట్లో దొరికే బలమైన ద్రవాల్లో కొన్నిటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమో, దాన్ని విడుదల చేసే అమ్మోనియం బైఫ్లోరైడో ఉంటుంది. అది మరకతో పాటు గాజునూ తినేస్తుంది. చర్మం మీద పడితే మొదట పెద్దగా మంట కూడా తెలియకుండానే లోపలికి ఇంకి, ఎముకల దాకా హాని చేయగలదు. దానికి ప్రథమ చికిత్సగా కాల్షియం గ్లూకొనేట్ జెల్ దగ్గర ఉంచుకోవాలి. అది లేకుండా, మామూలు చేతి తొడుగులతో కుర్రవాళ్ళ చేత ఆ పని చేయించడం నేను ఎంతమాత్రం ఒప్పుకోను. మీకు మరక పోవచ్చు, కానీ ఆ పిల్లవాడి చేయి పోతుంది. డబ్బా మీద పేరు, భద్రతా వివరాల పత్రం చూపనివారిని గేటు దాటనివ్వకండి.

ఇంకొక పరీక్ష ఉంది. మీవి రెండు పొరల అద్దాలైతే రాత్రి పూట ఒక లైటరు వెలిగించి అద్దం ముందు పట్టుకోండి. నాలుగు మంటల ప్రతిబింబాలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒకటి రంగు తేడాగా ఉంటే ఆ ఉపరితలానికి వేడిని ఆపే లోహపు పూత ఉందన్నమాట. పూత రెండు పొరల నడుమ ఉంటే శుభ్రతకు ఇబ్బంది లేదు. అన్నిటికంటే వెలుపలి దానికో, అన్నిటికంటే లోపలి దానికో ఉంటే మాత్రం బ్లేడు, రుద్దుడు పొడి, గరుకు స్పంజి ఏదీ తాకకూడదు. గాజు సరఫరా చేసినవారి బిల్లులోనూ ఆ వివరం రాసి ఉంటుంది, తీసి చూడండి.

డల్లాస్ తెలుగువాడు:

బ్లేడు విషయంలో ఒక్క మాట. ఇక్కడ కొత్త ఇళ్ళలో టెంపర్డ్ గాజును గీకవలసి వస్తే, గీతలు పడితే తమ బాధ్యత కాదని గృహయజమాని చేత ముందుగా సంతకం పెట్టించుకునే శుభ్రతా సంస్థలు చాలా ఉన్నాయి. ఆ కాగితం చేతికొస్తే చదవకుండా సంతకం చేయకండి. పని మొదలయ్యే ముందే ప్రతి పలకనూ పగటి వెలుతురులో ఫోటో తీసి పెట్టుకుంటే, ఉన్న గీత ఏదో, కొత్తగా పడినది ఏదో తరువాత వాదన ఉండదు.

ఎత్తు పనుల భద్రత:

మూడోవారి సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక రాస్తున్నాను. నీళ్ళ ట్యాంకు స్తంభానికి తాడు కడతామన్న మాట ఒక్కటి చాలు, వారిని పంపించివేయడానికి. ఆ స్తంభం ట్యాంకు బరువును కిందికి మోయడానికి కట్టినది. పడబోయే మనిషి తాడు ఒక్కసారిగా పక్కకు లాగే కుదుపును అది తట్టుకుంటుందని లెక్క కట్టినవారు ఎవరూ ఉండరు.

తాళ్ళ మీద పనిచేయడానికి ఒక క్రమం ఉంది. ప్రతి మనిషికీ రెండు తాళ్ళుండాలి: ఒకటి పనికి, రెండోది అది తెగినా ఆపడానికి. రెండింటినీ వేర్వేరు లంగరులకు కట్టాలి. హార్నెస్ నడుముకు కట్టే బెల్టులా కాక ఒంటినంతా పట్టి ఉంచేదై, ఐఎస్ 3521 ముద్ర కలిగి ఉండాలి. 1988లో బ్రిటన్‌లో ఏర్పడిన ఇరాటా సంస్థ ఈ పనివారికి మూడు స్థాయుల్లో శిక్షణ ధ్రువపత్రాలిస్తుంది. మన దేశంలోనూ అవి ఉన్నవారు దొరుకుతారు. అయితే మీ గోడ 9 మీటర్లే, కింద చదునైన పచ్చిక ఉంది. గడతో నేల మీది నుంచే అయ్యే పనికి మనిషిని గాలిలో వేలాడదీయవలసిన అవసరమే లేదు.

గడలోనూ ఒక ప్రమాదముంది. పెద్ద గడలు ఎక్కువగా కార్బన్ ఫైబరువి. అది కరెంటును ప్రవహింపజేస్తుంది, పైగా లోపల నీరు ఉంటుంది. ప్రహరీ పక్కగా కరెంటు తీగలు వెళ్తుంటే ఆ వైపు గడ ఎత్తనివ్వకండి, లేదా సరఫరా ఆపించాకే ఎత్తమనండి. పనివారికి ప్రమాద బీమా ఉందో లేదో అడిగి, పాలసీ ప్రతిని తీసుకుని, గడువు తేదీ చూసుకోండి.

గండిపేట గృహస్థు:

అందరికీ కృతజ్ఞతలు. స్ప్రింక్లర్లు తిప్పించాను. వెనిగర్ పరీక్షలో పై వరుస చుక్కలు పూర్తిగా పోయాయి. కింద జానెడు మేర మాత్రం చుక్క ఉన్నచోట గోటికి గరుకు తగులుతోంది, పొగ పట్టినట్టు మసక మిగిలింది. రెండోవారినే పిలిచి, మీటరు చూపించాకే పని అప్పగిస్తాను. ఆ మసకకు ఏదైనా మార్గముందా?

అద్దాల పని, కొండాపూర్:

గృహస్థు గారూ, గోటికి తగులుతోందంటే అక్కడ గాజే తినివేయబడిందని అర్థం, కడిగితే పోదు. సీరియం ఆక్సైడ్ పొడిని నీటిలో కలిపి, ఫెల్ట్ చక్రం బిగించిన పాలిష్ యంత్రంతో రుద్దితే చాలావరకు తేరుకుంటుంది. ఒకేచోట ఎక్కువసేపు రుద్దితే ఆ భాగం పలచబడి, అందులోంచి చూసినప్పుడు తోట వంకరగా కనిపిస్తుంది. అందుకే ముందు అందరి కంటా పడని ఒక్క పలక మీద చేయించి, పగలూ సాయంత్రమూ నిలబడి చూడండి. బాగుందనిపిస్తేనే తక్కినవి. లోతు ఎక్కువగా ఉన్న పలకకు పాలిష్ ఖర్చు, కొత్త పలక ధర రెండూ అడిగి పోల్చుకోండి. కొన్నిసార్లు మార్చేయడమే మేలు.

చుట్టూ నిర్మాణాలు సాగుతున్నంత కాలం బయటి వైపు నెలకొకసారి, లోపల మూడు నెలలకొకసారి కడిగిస్తే సరిపోతుంది. దీపావళికి ముందు మా వంటివారికి తీరిక ఉండదు, కనుక ఆ విడతకు నెల ముందే రోజు ఖాయం చేసుకోండి. జారుడు కిటికీల పట్టాల కింద నీరు పోవడానికి సన్నని రంధ్రాలుంటాయి. కడిగిన ప్రతిసారీ వాటిలోని మట్టిని కూడా తీయించండి. అవి మూసుకుపోతే వానాకాలంలో నీరు వెనక్కి తన్ని మీ మార్బుల్ మీదికే వస్తుంది.