ఉపగ్రహ చిత్రం చూసి చేపల వేటకు వెళ్లవచ్చా?

(తుపాను హెచ్చరికల మీద విశాఖ తీరవాసుల మాటలు; ఒక్కో మాట ముందున్నది మాట్లాడినవారి ఊరు లేదా పేట పేరు.)

పెదజాలారిపేట: ఇన్సాట్ ఉపగ్రహాల చిత్రాలు అరగంటకొకటి ఫోనులోనే కనిపిస్తున్నాయి. మేఘం ఎటు కదులుతోందో చూసి బోటు తీయాలో వద్దో మేమే తేల్చుకోగలం. వేటకు వెళ్లవద్దని తీరమంతటికీ ఒకే హెచ్చరిక ఎందుకు?

ఎంవీపీ కాలనీ: ఆ చిత్రంలో ఎరుపు అంటే వాన కాదండీ. పరారుణ చిత్రం చెప్పేది మేఘం పైభాగం ఎంత చల్లగా ఉందో, అంతే. ఉరుముల మేఘం నెత్తిన పరుచుకునే పల్చటి మంచుపొర కూడా ఎర్రగానే కనిపిస్తుంది. దాని కింద చినుకే ఉండకపోవచ్చు. తక్కువ ఎత్తు మేఘాలు కనుమలకు తగిలి గట్టిగా కురిసినా చిత్రంలో బూడిద రంగే. చినుకులను పట్టేది రాడార్.

పెదజాలారిపేట: ఎరుపు మాట నేను ఎత్తలేదు. కదలిక అన్నాను.

ఎంవీపీ కాలనీ: కదలికే చూద్దాం. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మరునాడు కుండపోత విశాఖలో!

గాజువాక: మా వీధిలో మోకాలి లోతు నీళ్లు.

పెదజాలారిపేట: అదే ఏడాది డిసెంబరులో జవాద్ తుపాను సంగతి? వెళ్లవద్దన్నారు, ఆగాం. అది సముద్రంలోనే నీరసించింది. అప్పు చేసి డీజిల్, ఐసు ఎక్కించాను. ఐసు కరిగింది, అప్పు మిగిలింది.

భీమిలి: తుపాను బలహీనపడితే హెచ్చరిక తప్పవుతుందా?

ఎంవీపీ కాలనీ: హుద్‌హుద్ మరిచారా? 2014 అక్టోబరు 12న తుపాను కన్ను నగరం మీదుగా వెళ్లింది. గాలి ఆగింది, కొంతసేపటికి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. అలాంటి సముద్రంలోకి చిత్రం చూసి బోటు తీస్తే, మీ బోటులో పనికి వచ్చే కలాసీల ఇంట్లో ఏమని చెబుతారు?

పెదజాలారిపేట: కలాసీల గురించి మీరు నాకు చెప్పకండి! తుపాను వచ్చినా రాకపోయినా మీ జీతం ఆగదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధానికి భృతి ఉంది. హెచ్చరిక రోజులకు నాకు ఎవరూ పైసా ఇవ్వలేదు. అది ఇస్తే ఒక్క చిత్రమూ తెరవను.

ఎంవీపీ కాలనీ: ఈ మాట మొదటే అని ఉంటే ఇంత వాదనే ఉండేది కాదు. పరిహారం అడగండి, నేనూ సంతకం పెడతాను. హెచ్చరిక ఉండగా బోటు కదలడానికి మాత్రం ఒప్పుకోను.

గంగవరం: ఆ డబ్బు బోటు యజమానికా, కలాసీకా? ముందు అది తేల్చండి.