పాత పిన్‌బాల్ బోర్డు నల్లబడింది, రంగు పోకుండా శుభ్రం చేసేదెట్లా?

ఓరుగల్లు గోలీ:
అందరికీ నమస్తే. సికింద్రాబాద్‌లో మూతబడిన ఒక వీడియో గేమ్స్ పార్లర్ సామాను అమ్ముతుంటే మా బావ ఒక పిన్‌బాల్ మిషన్ (ఏటవాలు బోర్డు మీద ఉక్కు బంతిని మీటలతో కొట్టి పాయింట్లు తెచ్చుకునే ఆట పెట్టె) కొని, పెట్టడానికి వాళ్ళింట్లో జాగా లేదని హన్మకొండలో మా ఇంట్లో దించిపోయాడు. బాలీ కంపెనీది, 1970ల చివరి మోడల్. లైట్లు వెలుగుతున్నాయి, ఫ్లిప్పర్లు (బంతిని కొట్టే మీటలు) కొడుతున్నాయి, కానీ అద్దం తీసి బోర్డు చూస్తే ఏడుపొస్తుంది. బంతి తిరిగే దారి పొడుగునా నల్లటి సుడులు, లైట్ల మీద ఉండే రంగు బిళ్ళల చుట్టూ నల్లటి ఉంగరాలు, బంతిని తిప్పికొట్టే బంపర్ల దగ్గర రంగు లేచి చెక్క కనపడుతోంది. అమ్మ తడిబట్టతో తుడిచేస్తా అంటే ఆపాను. ఏం వాడాలి, ఏం వాడొద్దు? పైన వార్నిష్ కొట్టించాలా?

కాజీపేట ఫ్లిప్పర్:
ఆపి మంచి పని చేశావు తమ్మీ. అది ప్లైవుడ్, దాని మీద సిల్క్ స్క్రీన్‌తో అచ్చేసిన రంగు, ఆ పైన వార్నిష్ లాంటి పల్చటి లాకర్ పూత, అంతే. లాకర్ అరిగిన చోట నీళ్ళు నేరుగా చెక్కలోకి దిగి, చెక్క ఉబ్బి రంగును కిందినుంచి లేపుతుంది, ఒకసారి లేచిన పెచ్చు మళ్ళీ కూర్చోదు. అద్దాలు తుడిచే స్ప్రేలో ఉండేది కూడా ఎక్కువగా నీళ్ళే, కాబట్టి అదీ వద్దు.

ముందు ప్లగ్గు పీకు. స్విచ్ ఆపితే చాలదు, పీకాలి. బంతి తీసి పక్కన పెట్టి, మెత్తటి పెయింటు బ్రష్షుతో దుమ్ము లేపుతూ ఇంకో చేత్తో వాక్యూమ్ క్లీనర్ గొట్టం పట్టుకో. బ్లోవర్‌తో ఊదొద్దు, ఆ దుమ్మంతా పోయి స్విచ్ రేకుల మధ్య కూర్చుంటే రేపు పాయింట్లు పడవు. రబ్బరు రింగులు, పైన ప్లాస్టిక్ ముక్కలు ఊడదీసే ముందు ఫోన్లో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకో, స్క్రూలు వేటికవి కోడిగుడ్ల ట్రేలో వేసుకో.

తుడవడానికి నేను వాడేది నాఫ్తా. పెట్రోల్ లైటర్లలో పోసే ఫ్లూయిడ్ అదే. పాత బనియన్ ముక్క మీద కొంచెం పోసి (బోర్డు మీద పోయొద్దు) ఒక్కో జాన జాగా తుడుచుకుంటూ పో, గుడ్డ నల్లబడగానే మడత మార్చు. ఇది జిడ్డును, పాత మైనాన్ని లాగుతుంది, లాకర్‌ జోలికి పోదు, మరక మిగలకుండా ఆరిపోతుంది. కాకపోతే భగ్గున అంటుకునే సరుకు, తలుపులు కిటికీలు తెరిచి, దేవుడి దీపం ఆర్పి చెయ్యి.

కరీంనగర్ స్ట్రైకర్:
ఇంత కష్టం ఎందుకన్నా, క్యారమ్ బోర్డుకు కొట్టినట్టు బోరిక్ పౌడర్ కొడితే బంతి జారిపోదా?

కాజీపేట ఫ్లిప్పర్:
జారుతుంది. తర్వాత ఆ పౌడర్ బోర్డులోని ప్రతి కంతలోంచి కింద వైరింగ్‌లోకి, స్విచ్చుల్లోకి దిగుతుంది. క్యారమ్ స్ట్రైకర్ 15 గ్రాములకు మించదు, ఈ ఉక్కు బంతి 80 గ్రాములు, దాని కింద ఏ పొడి పడినా నలిగి పూతలోకి దిగుతుంది. వద్దు.

బొగ్గుగని గోదావరిఖని:
మా దగ్గర దుమ్ము గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు, పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. కానీ ఓరుగల్లు తమ్ముడు చెప్పిన ఆ నల్లటి సుడులు గాలి దుమ్ము కాదు. నల్ల రబ్బరు రింగులు అరిగి రాలే పొడి, బంతి నుంచి వచ్చే లోహపు పొడి, ఫ్లిప్పర్‌ను లాగే కాయిల్ (కరెంటు తీగ చుట్ట) లోపల ఇనుప కడ్డీ రాపిడికి రాలే నల్లటి మసి, వీటన్నిటినీ బంతి తన ఒంటికి పూసుకొని బోర్డంతా తిప్పుతుంది. పూతలో ఉండే సన్నటి గీతల్లోకి అది దిగి కూర్చుంటుంది.

నేను ఒక మిషన్ చూశాను, అంతకుముందు దాన్ని బాగుచేసినాయన ఫ్లిప్పర్ల కడ్డీలకు, బంపర్లకు కుట్టుమిషన్ నూనె దండిగా పోశాడు. గట్టిగా ఆడుతున్నాయని పోసి ఉంటాడు, పాపం. ఆ నూనె మసితో కలిసి జిగురై కడ్డీలు ఇంకా బిగుసుకున్నాయి, చిందిన నూనె బంతికి అంటి బోర్డు మధ్య దాకా వచ్చింది. ఆ కడ్డీలు పొడిగానే ఆడాలి, కాయిల్ లోపలి స్లీవ్ అరిగితే స్లీవ్ మార్చాలి తప్ప నూనె చుక్క పడకూడదు. నీ మిషన్ కింద చెయ్యి పెట్టి చూడు, జిడ్డు తగిలితే ముందు ఆ పని చెయ్యి, లేకపోతే పైన ఎంత తుడిచినా పది ఆటల్లో మళ్ళీ అదే.

సోల్డర్ భాయ్, హన్మకొండ:
ఆ సుడులు నాఫ్తాకు పూర్తిగా పోవు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెలమైన్ స్పాంజ్ కలిపితే పోతాయి. ఆల్కహాల్ చౌరస్తా దగ్గర మొబైల్ రిపేరు సామాను షాపుల్లో దొరుకుతుంది, 99 శాతంది అడుగు. కరోనా టైములో మిగిలిన శానిటైజర్ డబ్బా ఉంది కదా అని తీసేవు, అందులో నీళ్ళు, గ్లిజరిన్ ఉంటాయి, బోర్డు బంక అవుతుంది.

ఇంకొకటి, బోర్డు లేపినప్పుడు వెనక తల పెట్టెలో మెయిన్ సర్క్యూట్ బోర్డు మీద చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉందేమో చూడు. ఆ కాలం ఎలక్ట్రానిక్ బాలీ మిషన్లకు ఉంటుంది. అది కారి చుట్టూ పచ్చటి తుప్పు పట్టిందంటే ప్లేఫీల్డ్ (బంతి తిరిగే బోర్డు) మెరుపు సంగతి తర్వాత, ముందు దాన్ని కత్తిరించి తీసెయ్.

కాజీపేట ఫ్లిప్పర్:
భాయ్ మీరు చెప్పింది 1990 తర్వాతి మిషన్లకైతే ఒప్పుకుంటా, అప్పటికి విలియమ్స్ వాళ్ళు డైమండ్‌ప్లేట్ అని గట్టి పాలీయురేతేన్ పూత మొదలుపెట్టారు. ఇది లాకర్. ఆల్కహాల్ లాకర్‌ను మెత్తబరుస్తుంది, మెలమైన్ స్పాంజ్ మెత్తగా ఉంటుంది గానీ అది సన్నటి ఉప్పుకాగితమే, రెండూ కలిస్తే మకిలితోపాటు పూత కూడా పోతుంది. తెల్లటి స్పాంజ్ నల్లబడితే మనసుకు హాయిగానే ఉంటుంది, అదే ఎర్రబడితే?

సోల్డర్ భాయ్, హన్మకొండ:
ఎర్రబడేదాకా ఎవరు రుద్దమన్నారు? ముందు మూలకు, ప్లాస్టిక్ ముక్క కింద దాగిన చోట ఇయర్ బడ్‌ను ఆల్కహాల్‌లో ముంచి ఒక్క రంగు మీద నాలుగైదు సార్లు తిప్పు. దూది బూడిద రంగులోకి వస్తే అది మకిలి. బోర్డు మీది రంగే దూదికి వస్తే అక్కడ పూత లేదు, ఆగిపో. బోర్డు తగిలితే జిగటగా అనిపించినా ఆగిపో. రంగు రంగుకూ వేరేగా చూడాలి, ఎరుపు దగ్గర బాగుందని నీలం మీద నమ్మకం పెట్టుకోవద్దు. పూత బాగున్న చోట మాత్రం చేత్తో ఒత్తకుండా స్పాంజ్ బరువు మీదనే తిప్పి, వెంటనే పొడి బట్టతో తుడిచి, ఆ రోజే మైనం పెట్టు. జీవితంలో ఒక్కసారి చేసే పని, ప్రతి దసరాకూ చేసేది కాదు.

కాజీపేట ఫ్లిప్పర్:
నేనైతే ఆ సుడులను అట్లనే ఉంచుతా. నలభై ఏళ్ళు దాటిన బోర్డు కొత్తగా కనపడాలని ఏముంది.

మంచిర్యాల టిల్ట్:
నా దాంట్లో బంపర్ల చుట్టూ గుండ్రంగా పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అతికించి ఉంది, అంచులు పచ్చబడి దుమ్ము పట్టాయి. పీకేయొచ్చా?

బొగ్గుగని గోదావరిఖని:
దాన్ని మైలార్ అంటారు, బంతి ఎక్కువ కొట్టే చోట రంగు అరగకుండా కంపెనీ వాళ్ళే వేసేవాళ్ళు. గట్టిగా అంటుకొని ఉంటే దాని పాటికి దాన్ని వదిలెయ్. పీకేవాళ్ళు కొందరు ఫ్రీజ్ స్ప్రే కొట్టి జిగురు పెళుసెక్కాక లేపుతారు, కొందరు హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి లాగుతారు, తర్వాత మిగిలిన జిగురు మీద ఆల్కహాల్, మైదాపిండి వేసి వేలితో రుద్దితే ఉండలు కట్టి వస్తుంది. అంతా బాగానే ఉంటుంది గానీ కింద రంగు ముందే వదులై ఉంటే మైలార్‌తోపాటు బొమ్మ కూడా ఊడి చేతికొస్తుంది. అంచులు లేచిన చోట మాత్రం పదునైన బ్లేడుతో కోసి తీసేయొచ్చు.

ఓరుగల్లు గోలీ:
బంపర్ల దగ్గర చెక్క కనపడే చోట ఏం చేయాలి? డ్రాయింగ్ నాకు అస్సలు రాదు.

నిర్మల్ కుంచె:
నేను బొమ్మలకు రంగులేసే ఇంటిదాన్ని, పిన్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు, మంచిర్యాల తమ్ముడు ఈ చర్చ చూపించాడు కాబట్టి రంగు గురించి మాత్రం చెప్తాను. అక్రిలిక్ రంగులు తీసుకో, ఆయిల్ రంగు ఆరడానికి రోజులు పడుతుంది. ముందు ఆ జాగాలో మైనం, జిడ్డు ఏమీ లేకుండా నాఫ్తాతో తుడవాలి, లేకపోతే రంగు పట్టదు. తెలుపును డబ్బాలోంచి తీసి అట్లనే వేయొద్దు. పాత పూత పచ్చబడి ఉంటుంది, దాని పక్కన కొత్త తెలుపు కొట్టొచ్చినట్టు కనపడుతుంది, కొసంత పచ్చమట్టి రంగు, అంతకన్నా తక్కువ గోధుమ రంగు కలిపి చూడు. అక్రిలిక్ తడిమీద ఉన్నదానికన్నా ఆరాక ఒక పిసరు ముదురుతుంది, అందుకని కాగితం మీద వేసి ఆరనిచ్చి, ఆ కాగితాన్ని బోర్డు పక్కన పెట్టి పగటి వెలుతురులో పోల్చుకో. ట్యూబ్‌లైట్ కింద కలిపిన రంగు తెల్లారి వేరేగా ఉంటుంది.

వేసేటప్పుడు చెక్క కనపడే చోట మాత్రమే వెయ్యి, చుట్టూ ఉన్న పాత రంగు మీదికి పోవద్దు. నల్ల గీతలు అన్నిటికన్నా చివర. పల్చగా రెండు మూడు పొరలు, ఒకటి ఆరాక ఒకటి. డ్రాయింగ్ రాకపోయినా గీత తెగిన చోట కలపడం అందరికీ వస్తుంది.

ఓరుగల్లు గోలీ:
మస్తు థ్యాంక్స్ అక్కా. మరి ఆ రంగు మీద పూత?

ఆటోనగర్ 2కే:
కార్లకు క్లియర్ (రంగు మీద పారదర్శకమైన పూత) కొట్టడం నా పని. గిరాకీ కదా అని వెంటనే తీసుకురమ్మనను, ముందు వినండి. బోర్డు మీది ప్రతి ముక్కా, కిందున్న ప్రతి కాయిల్, వైరింగ్ మొత్తం ఊడదీసి ఉత్త చెక్క తెచ్చిస్తేనే క్లియర్ కొట్టొచ్చు. పాత లాకర్ మీద టూకే క్లియర్ (హార్డెనర్ కలిపి కొట్టేది) తడిగా పడితే లాకర్ ముడతలు లేచే ప్రమాదముంది. ఎప్పుడో సిలికాన్ ఉన్న పాలిష్ ఏదైనా రాసి ఉంటే క్లియర్ అక్కడ నిలవకుండా గుంటలు గుంటలుగా విడిపోతుంది, అది పైకి కనపడదు, కొట్టాకే తెలుస్తుంది. ఇక ఇంట్లో స్ప్రే క్యాన్‌తో నేనే కొట్టుకుంటా అనే ఆలోచన ఉంటే మానుకోండి, హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, మూతికి దస్తీ కట్టుకుంటే ఆగదు, ఊపిరితిత్తులు పోతాయి. బూత్, దానికి తగ్గ మాస్కు ఉన్న చోటే ఆ పని.

చిన్న టచప్‌కైతే అంత అవసరం లేదు. బోర్డు కొలతకు కోసిన పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు వస్తాయి, వాటిని పైన పరుస్తారు. బంతి ఇక రంగును తాకదు.

కాజీపేట ఫ్లిప్పర్:
షీట్ వేస్తే బంతి నడక కొంచెం మారుతుంది, కొందరికి నచ్చదు. కింద దుమ్ము రేణువు ఇరుక్కుంటే అదే గీకుతుంది, కాబట్టి బోర్డు పూర్తిగా శుభ్రమయ్యాకే పరచాలి.

షీట్ వేసినా వేయకపోయినా మైనం తప్పదు. కార్ల షాపులో దొరికే కర్నూబా పేస్ట్ వ్యాక్స్ తీసుకో, డబ్బా మీద క్లీనర్ వ్యాక్స్ అని గానీ కాంపౌండ్ అని గానీ ఉంటే తీసుకోకు, వాటిలో గరుకు పొడి ఉంటుంది. వేలి కొసతో ఎంత వస్తే అంత, పల్చగా రాసి, మసక కట్టేదాకా ఆగి, పొడి బట్టతో తుడిచేయాలి. మన ఎండలకు కరిగిపోతుందేమో అని భయపడొద్దు, కర్నూబా 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. రోజూ పిల్లలు ఆడితే నెలకోసారి, లేకుంటే రెండు మూడు నెలలకోసారి చాలు.

బొగ్గుగని గోదావరిఖని:
ఇవన్నీ చేసి పాత బంతినే వేశావనుకో, అంతా వృథా. బంతిని ట్యూబ్‌లైట్ కింద నెమ్మదిగా తిప్పు, లైటు గీత ఎక్కడైనా వంకర పోయినా, గోరు తగిలినా పారెయ్. తుప్పు చుక్క ఉన్న బంతి ప్రతి ఆటకూ పూతను గీకుతుంది. నా లెక్కలో ప్లేఫీల్డ్‌ను కాపాడే వస్తువుల్లో అన్నిటికన్నా చవకైంది కొత్త బంతే, అందరూ చివరికి ఆలోచించేదీ అదే.

వానాకాలం మిషన్ మీద ప్లాస్టిక్ కవర్ కప్పొద్దు, లోపల చెమ్మ పడుతుంది. నూలు దుప్పటి చాలు.

ఓరుగల్లు గోలీ:
నాఫ్తాతో మొత్తం తుడిచాను. నల్ల ఉంగరాలు సగం పైగా పోయాయి, సుడులు పలచబడ్డాయి, బిళ్ళల కింద ఎప్పుడూ కనపడని పసుపు రంగు అంచు బయటపడింది. ఇయర్ బడ్ పరీక్షలో ఎరుపు, తెలుపు నిలబడ్డాయి, నీలం మాత్రం దూదికి అంటింది, కాబట్టి స్పాంజ్ జోలికి పోలేదు. బ్యాటరీ కారింది భాయ్, మీరన్నట్టే, తీసేశాను. బంపర్ల దగ్గర రంగు మా చెల్లె వేస్తోంది.

మంచిర్యాల టిల్ట్:
కొత్త బంతి ఎక్కడ దొరికింది?

ఓరుగల్లు గోలీ:
వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు బేరింగుల షాపులో. పిన్‌బాల్ అంటే ఆయనకు అర్థం కాలేదు. 27 మిల్లీమీటర్లు అన్నాను, లేదన్నాడు. ఒక అంగుళం మీద పదహారో వంతు సైజు ఉక్కు గుండు అని అడుగు, వెంటనే తీసిస్తారు. పాలిష్ మెరుగ్గా ఉన్నవి ఏరుకో, రెండు తీసుకో.