ఆదివారం చర్చిల సరే, సోమవారం కాంటా కాడ ఎట్ల?

కాంటా గుమస్తా, వరంగల్:
అందరికి వందనాలు. రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక మిర్చి అడ్తిల పదకొండేండ్లు గుమస్తాగ చేసిన. రైతు బస్తాలు కాంటా మీదికి ఎక్కుతయి, దడ్వాయి తూకం చెప్తడు, నేను చిట్టీ రాస్త. సంచి బరువు తీసేసినంక గూడ బస్తాకు ఇంకో కిలో తగ్గించి రాయమనేటోడు సేటు. రాసిన. బాప్తిస్మం తీసుకొని నాలుగేండ్లయినా రాసుకుంటనే వచ్చిన. ఆదివారం ఆరాధనల తబల కొట్టుడు, సోమవారం తరుగు రాసుడు.

మొన్న ఈస్టర్ ముందటి శ్రమ దినాలల్ల అయ్యగారు బైబిల్ల సుంకం వసూలు చేసే జక్కయ్య గురించి చెప్పిండు. యేసును చూడనీకి చెట్టెక్కిన ముచ్చట చిన్నప్పటిసంది విన్నదే. అన్యాయంగ తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్త అన్న మాట కాడ నా చెయ్యి తబల మీదనే ఆగిపోయింది. తెల్లారి ఒక ముసలాయన ముప్పై రెండు బస్తాలు తెచ్చిండు. తూకమైనంక చిట్టీ నా చేతికే ఇచ్చి, "బిడ్డా, కండ్లు ఆనుతలేవు, ఎంతొచ్చిందో సదివి చెప్పు" అన్నడు. నేను రాసిన అబద్ధం నేనే సదివి చెప్పిన. ఆయన తువ్వాలతోని మొఖం తుడుసుకొని, "దేవుడు సల్లగ సూడాలె నిన్ను" అనుకుంట పోయిండు.

ఆ రాత్రి మోకరిస్తె నోట్లెకెల్లి మాట రాలె. పని మానేసి నెలైతుంది. మీరంత పని జాగల విశ్వాసంగ ఎట్ల నిలబడుతుండ్రు? ఆ రైతులకు నేనెట్ల తిరిగియ్యాలె? చర్చికిచ్చే దశమ భాగంల ఎక్కువ కలిపి కానుక పెట్టెల ఏస్తె సరిపోతదా?

రిటైర్డ్ రైల్వే, ఖాజీపేట:
తమ్ముడూ, కానుక పెట్టెలో వెయ్యకు. మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పింది గుర్తు తెచ్చుకో. నీ మీద సహోదరునికి ఏదైనా విరోధం ఉందని బలిపీఠం దగ్గర జ్ఞాపకమొస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు. సంఖ్యాకాండం 5లోనూ అంతే, తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్న సొమ్ముకు ఐదో వంతు కలిపి ఎవరికి అన్యాయం చేశాడో వాళ్ళకే ఇవ్వాలి. నాలుగంతలన్నది జక్కయ్య సంతోషంతో అన్న మాట. నీకు చేతనైనంత చెయ్యి.

నా సంగతి చెప్తాను. మా నాన్న పోయాక మడికొండ దగ్గర భూమి పంపకంలో అన్నతో మాటా మాటా వచ్చింది. ఆరేళ్ళు మాట్లాడలేదు. ఆ ఆరేళ్ళూ నేను సంఘ పెద్దను, ప్రభు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం అందించేవాణ్ణి. ఒక శనివారం పొద్దుగూకే వేళ స్కూటర్ వేసుకొని వాళ్ళింటికి పోయాను. వదిన ఏం మాట్లాడకుండా కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. అన్న నులక మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు. "తప్పు నాదే" అనడానికి నాకు పావుగంట పట్టింది. గట్టు ఇప్పటికీ ఆయన చెప్పిన చోటే ఉంది. మర్నాడు రొట్టె తీసుకుంటుంటే చెయ్యి వణికింది.

మేస్త్రీ, కరీంనగర్:
పని మానుడెందుకన్నా? ఆడనే ఉండి సక్కగ రాస్తె సేటే తొలగిస్తుండె గదా, అప్పుడు సాక్ష్యమైతుండె. నా మటుకు నేను శనివారం పొద్దుగూకకముందే కూలి ఇచ్చేస్త. నాకు బిల్లు రాకున్నా మిత్తికి తెచ్చి ఇస్త. కూలివాని కూలి తెల్లారేదాక నీ కాడ ఉంచుకోవద్దని లేవీయకాండం 19ల ఉంది. మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిండ్రు. కరువు కాలంల పని చూపించి జనానికి కడుపునిండ తిండి పెట్టిన కట్టడమది. పోయినప్పుడల్ల ఆ రాయి మీద చెయ్యి పెట్టి చూస్త.

కాంటా గుమస్తా:
మేస్త్రన్నా, నువ్వన్నది నిజమే. సక్కగ రాసి నిలబడే ధైర్యం నాకప్పుడు లేకుండె. అందుకే బయటికొచ్చిన.

నర్సమ్మ, హనుమకొండ:
అన్నయ్యా, మీ గురించి ప్రార్థన చేస్తున్నాను. నేను పనిచేసిన ఒక వార్డులో స్ట్రెచర్ తోయడానికి పేషెంట్ల దగ్గర యాభై, వంద తీసుకునేవాళ్ళు, అందరూ పంచుకునేవాళ్ళు. నా వాటా వద్దన్నందుకు ఆరు నెలలు వరసగా నైట్ డ్యూటీలే పడ్డాయి. చిన్నమాట అనలేదు, ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, ఫిర్యాదు చెయ్యాల్సింది. నా చేతులు శుభ్రంగా ఉంటే చాలనుకున్నాను, పేషెంట్లు మాత్రం ఇస్తూనే ఉన్నారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసాని కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి నడిపింది. ఊరు తరిమేసినవాళ్ళకు ఆమె చేతులతో కట్టు కట్టిందని ట్రైనింగులో మా మేడం చెప్పినప్పుడే నేను నర్సుగా ఉండిపోవాలనుకున్నాను.

మిర్చి రైతు, దుగ్గొండి దిక్కు:
నేను మీ సంఘపోణ్ణి కాదు, ఐలోని మల్లన్నకు మొక్కేటోణ్ణి. ఇది చదివి ఊకుండలేక రాస్తున్న. మాది చపాట మిర్చి, 2025ల మా ప్రాంతపు సరుకని జీఐ గుర్తింపొచ్చింది. మీరు కిలో అని అల్కగ రాసిండ్రు. ఆ కిలో ఎండలకు వంగి మా ఆడోళ్ళు కొంగుల ఏరిన కాయ. కల్లంల ఆరబోసి, తాలు తీసి, రాత్రి మబ్బు పడితె లేచి పట్టా కప్పిన కాయ. చిట్టీ చూసినప్పుడల్ల మాకు అనుమానమే, అడిగితె రేపటిసంది మా సరుకు పక్కకు పెడ్తరని భయం.

నువ్వు ఒప్పుకున్నవు, మంచిది. తెలిసినోళ్ళ ఇండ్లకు పో. తెల్వనోళ్ళ కోసమైతె వచ్చే సీజన్‌ల మార్కెట్ గేటు కాడ నిలబడి, సదువురానోళ్ళకు చిట్టీ సదివి పెట్టు. ఆ పని చేసేటోళ్ళు ఎవ్వలు లేరు మాకు.

డోర్నకల్ మనవరాలు:
మా అమ్మమ్మ పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి అందులో వేసేది. ఇంట్లో గంజి తాగిన రోజు కూడా. ఆదివారం ఆ కుండ చర్చికి పోయేది. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారు ఉన్న ఊరు మాది, ఆయన 1912లో బిషప్ అయ్యారు. పిడికెడు బియ్యం అలవాటు ఆ తరం వాళ్ళది. నేనిప్పుడు జీతం ఫోన్‌లో పంపిస్తాను, చెయ్యికి ఏమీ తగలదు. అందుకే మళ్ళీ కుండ పెట్టాను. అన్నా, మీరు మనిషి దగ్గరికే వెళ్ళండి.

కాంటా గుమస్తా:
వారం తర్వాత రాస్తున్న. నా జేబు పుస్తకంల రైతుల పేర్లు, ఊర్లు ఉన్నయి. నర్సంపేట దిక్కు ఆ ముసలాయన ఇంటికి పోయిన. ఆ దినం ధర క్వింటాల్‌కు 12,000. ముప్పై రెండు కిలోలకు 3,840, ఐదో వంతు కలిపితె 4,608 రూపాలు. చేతిల పెట్టి అంత చెప్పిన. చాలాసేపు పైసల దిక్కే చూసిండు. తిడ్తడనుకున్న. "మా పాలోనివి గూడ నువ్వే రాసినవు గదా, పా" అని లేసి చెప్పులేసుకున్నడు. ఆయన ముంగట, నేను ఎనుక పోయినం.

పుస్తకంల ఇంకా నలభై నాలుగు పేర్లున్నయి. వచ్చే శనివారం గీసుగొండ దిక్కు పోత.