తాతగారి క్లారినెట్ ఎప్పటిదో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: మా తాతగారు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. అటక మీది పెట్టెలో అది దొరికింది. నల్లగా ఉంది, గంటలా విచ్చుకున్న కింది కొస మీద ‘బూసీ అండ్ కో, 295 రీజెంట్ స్ట్రీట్, లండన్’ అని, పైభాగం మీద ఒక నంబరు ఉన్నాయి. మా బావ అమ్మేద్దాం అంటున్నాడు. పాత సామాన్లు కొనేవాడేమో ఇది 200 ఏళ్లది అంటాడు, ధర మాత్రం పాత ఇనుము లెక్కన చెబుతాడు! ఇంకోటి, హార్మోనియంతో శ్రుతి కలవట్లేదు, క్లారినెట్ రీడ్ (ఊదేచోట పెట్టే పలచని పుల్ల) మార్చినా అంతే.

జవాబు 1: 200 ఏళ్లు అబద్ధం అండి, అడ్రసే చెప్పేస్తోంది. బూసీ వాళ్లు 295కి 1874లో వచ్చారు, 1930లో హాక్స్ కంపెనీతో కలిసిపోయి బూసీ అండ్ హాక్స్ అయ్యారు. కాబట్టి మీది 1874కీ 1930కీ మధ్యలోదే. ఇంకా దగ్గరగా తెలియాలంటే నంబరే దిక్కు. ఆ కార్ఖానా పాత పద్దు పుస్తకాలు లండన్‌లో హార్నిమన్ మ్యూజియంలో ఉన్నాయి, ఫొటోలు పెట్టి మెయిల్ చేయండి. ముందు అన్ని ముక్కల మీదా నంబరు ఒకటేనా చూడండి, వేరువేరుగా ఉంటే మధ్యలో ఎవరో వేరే వాద్యం ముక్క తెచ్చి జతచేశారన్నమాట. కీస్ (మీటలు) ఎన్ని, రింగులు (రంధ్రాల చుట్టూ ఉండే కడియాలు) ఎన్ని?

అడిగినవారు: 13 కీస్, కింది ముక్క మీద 2 రింగులు. మౌత్‌పీస్‌తో కలిపి 65 సెంటీమీటర్లు. ఇంట్లో ఒకాయన ‘బోమ్ పద్ధతి (ఇప్పుడు ఎక్కువగా కనిపించే కీస్ అమరిక) కాదు కదా, అంటే 1844కి ముందుదే’ అంటున్నారు.

జవాబు 2: ఆయన లెక్క తప్పండి. 17 కీస్, 6 రింగుల బోమ్ పద్ధతికి పేటెంటు 1844లో వచ్చిన మాట నిజమే, కానీ 13 కీస్ వాటిని 1900 తర్వాత కూడా చేస్తూనే ఉన్నారు, మిలిటరీ బ్యాండ్లకి అవే చవక. అసలు కిటుకు మీ 65లో ఉంది. ఇప్పటి మామూలు (బీ ఫ్లాట్) క్లారినెట్ 66, 67 దాకా ఉంటుంది, మీది పొట్టి, అంటే అప్పటి బ్రిటిష్ హై పిచ్‌ది, అంటే ఇప్పటికంటే ఎక్కువ శ్రుతిది అయి ఉండొచ్చు (మౌత్‌పీస్ పాతదేనా అన్నది కూడా చూడాలి). ఆ శ్రుతిలో ‘ఎ’ స్వరం 452 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మన హార్మోనియం 440 కదా, అంటే హార్మోనియం మెట్టులో దాదాపు సగం ఎక్కువ. రీడ్ మారిస్తే పోయేది కాదు ఇది, బ్యారెల్ (మౌత్‌పీస్ కింది పొట్టి గొట్టం) బయటికి లాగితే క్లారినెట్ పైభాగపు రంధ్రాల్లో పలికే స్వరాలు ఇంకా పాడవుతాయి. సోలోగా వాయించుకోండి, హాయిగా ఉంటుంది.

జవాబు 1: చెక్కో ఎబొనైటో (గట్టి రబ్బరు) కూడా చూడండి. ముక్కలు విడదీసి కొసల్లో నార కనబడితే చెక్క. ఎండ తగిలినచోట ఆకుపచ్చ గోధుమరంగు వచ్చి, వేలితో గట్టిగా రుద్దితే గంధకం వాసన వస్తే ఎబొనైట్. కీస్ బహుశా జర్మన్ సిల్వర్ (వెండి కాదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం), చింతపండు పెట్టి తోమకండి బాబూ, చెక్కిన అక్షరాలు అరిగితే ధర పడిపోతుంది. ఏళ్ల తరబడి ఎండిన చెక్క అయితే మొదటి వారం రోజుకి పది నిమిషాలకి మించి ఊదొద్దు, తడి తగిలి పగులుతుంది.

అడిగినవారు: కొసల్లో నార కనిపిస్తోంది, చెక్కేనండి. నంబరు రెండు ముక్కల మీదా ఒకటే! మ్యూజియంకి రాస్తున్నా, బావని ఆగమన్నాను.