క్వాంటం డాట్ పొరలో ఉద్గారం ఎరుపు వైపు జరగడం: శక్తి బదిలీయా, పునఃశోషణా?

నా నమూనా: కాడ్మియం సెలినైడ్ క్వాంటం డాట్లు (కాంతిని వెలువరించే నానో స్ఫటికాలు), జింక్ సల్ఫైడ్ తొడుగు, ఒలియిక్ ఆమ్లం లిగాండ్ (డాట్ ఉపరితలానికి అంటుకునే అణువు). టోలుయీన్‌లో ఉద్గార శిఖరం 585 నానోమీటర్లు, గాజు మీద స్పిన్ కోటింగ్ చేసిన పొరలో 596. డాట్ల కేంద్రాల మధ్య దూరం దాదాపు 8 నానోమీటర్లు కాబట్టి పక్కపక్క డాట్లలోని ఎలక్ట్రాన్ల తరంగ ప్రమేయాలు కలిసే అవకాశం నాకు కనిపించడం లేదు.

ద్రావణంలో ఉద్గార జీవితకాలం (ఉత్తేజం తర్వాత కాంతి తగ్గిపోయే సమయం) అన్ని తరంగదైర్ఘ్యాల దగ్గరా సుమారు 20 నానోసెకన్లు. పొరలో 575 దగ్గర 6కి పడిపోతుంది, 610 దగ్గర మాత్రం 19. ఉట్టి పునఃశోషణ (ఒక డాట్ వెలువరించిన కాంతిని మరొకటి పీల్చుకోవడం) అయితే నీలం అంచు ఇంత తగ్గకూడదు కదా! చిన్న డాట్ల నుంచి పెద్ద వాటికి ఫోర్‌స్టర్ బదిలీ (కాంతి వెలువడకుండానే శక్తి పక్క డాట్‌కు చేరడం) అనే నా అనుమానం. కానీ ఎరుపు అంచులో మొదటి నానోసెకన్లలో కనిపించాల్సిన పెరుగుదల లేదు. లేజర్ 405 నానోమీటర్లు, పరికర స్పందన 300 పికోసెకన్లు, పల్స్‌కు డాట్‌కు 0.1 కంటే తక్కువ ఎక్సైటాన్లు (ఉత్తేజిత ఎలక్ట్రాన్-హోల్ జంటలు).

405 అన్ని డాట్లనూ నేరుగా ఉత్తేజపరచడం వల్లే ఆ పెరుగుదల మరుగున పడుతోందా? డాట్లను దూరం చేయడానికి పీఎంఎంఏ (ఒక పారదర్శక ప్లాస్టిక్)లో పలుచన చేస్తే డాట్లు గుంపులు కట్టి శిఖరం 591 దగ్గరే ఆగింది. దాని బదులు పాలీలారిల్ మెథాక్రిలేట్ అనే పాలిమర్ మేలా? డాట్లు ఎంత గాఢతలో వాడాలి?