పాలిటిక్స్ చదవడం మొదలుపెట్టేవాళ్ళు ముందు ఏది పట్టుకోవాలి? పాఠ్యపుస్తకమా, ఒరిజినలా?

ఉదయగిరి అమ్మాయి:
అన్నలూ, సార్లూ, నేను డిగ్రీ ఫస్టియర్, పొలిటికల్ సైన్స్ తీసుకున్నా. మా లెక్చరర్ గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన రిపబ్లిక్ పుస్తకంతో మొదలుపెట్టమన్నారు, హాస్టల్లో సీనియర్ అక్కేమో అదంతా వద్దు గ్రూప్స్ నోట్స్ చాలంటా ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం నేను, రిపబ్లిక్ ఇంగ్లీషులో ఇరవై పేజీలు చదివేసరికి ఏడుపొచ్చింది. ఏది ముందు చదవాలి?

ఒంగోలు మాస్టారు:
అమ్మా, ముప్పై ఏళ్ళు ఇదే సబ్జెక్టు చెప్పా. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకాలు రెండున్నాయి, ఒకటి రాజకీయ సిద్ధాంతం, ఇంకోటి మన రాజ్యాంగం ఎట్టా పనిచేస్తదనేది. నెట్‌లో ఫ్రీ. స్వేచ్ఛ, సమానత్వం, న్యాయం, ఒక్కోదానికి ఒక్కో చాప్టరు. పక్కన తెలుగు అకాడమీ పుస్తకం పెట్టుకో, ఆ మాటలకి తెలుగేందో తెలుస్తుంది. సార్వభౌమాధికారం అంటే ఏందో తెలీకుండా ఇంగ్లండ్ తత్వవేత్త హాబ్స్ 1651లో రాసిన పుస్తకం తెరిస్తే రెండో రోజే మూసేస్తావు. మూడు నెలలు పునాది, ఆ తర్వాతే ఒరిజినల్.

కావలి కుర్రోడు:
మాస్టారూ, గౌరవంతోనే చెప్తున్నా, ఒప్పుకోను. పునాది పునాది అనుకుంటానే నాకు పీజీ అయిపోయింది, ఒక్క ఒరిజినల్ ముట్టుకోలా. ఇంగ్లండ్ తత్వవేత్త మిల్ అంటే స్వేచ్ఛావాది, ఐదు మార్కులు, అంతే తెలుసు. ప్లేటోనే ఎందుకు, చిన్నవి లేవా? అంబేద్కర్ కుల నిర్మూలన చదువు చెల్లీ, 1936లో లాహోర్ సభ కోసం రాసుకున్న ప్రసంగం, సభ పెట్టేవాళ్ళు వెనక్కి తగ్గితే తానే అచ్చేయించాడు, తెలుగులో దొరుకుతుంది, ఎదుటోడి వాదనని ఒక్కో పోగే ఎట్టా విప్పాలో అందులో నేర్చుకున్నట్టు ఏ గైడులోనూ నేర్చుకోలేము. అట్టనే 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయన మాట్లాడింది. ఓటు దగ్గర అందరూ సమానమే, బతుకు దగ్గర కాదు, ఈ వైరుధ్యంతో ఎన్నాళ్ళు నడుస్తామని అడిగాడు. ఆ సభ చర్చలన్నీ నెట్‌లో ఉన్నాయి.

పెన్నా గట్టు:
నేను ఇంకో దారి చెప్తా తల్లీ. పుస్తకం కంటే ముందు ఒక ప్రశ్న పట్టుకో, అదీ మన ఊరి ప్రశ్న. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటా నేర్చుకుంటా సారా అంగళ్ళు మూయించారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మరి మనిషి తన డబ్బుతో తాగితే ఆపే హక్కు ప్రభుత్వానికి ఉందా? 1859లో మిల్ స్వేచ్ఛ మీద రాసిన పుస్తకంలో సరిగ్గా దీని మీదే వాదించాడు, అమెరికాలో మెయిన్ రాష్ట్రం తెచ్చిన మద్యనిషేధాన్ని తప్పుబట్టాడు. నాలుగో అధ్యాయం ఒక్కటే చదువు, మన ఆడోళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదువు.

ఒంగోలు మాస్టారు:
ఉదాహరణ మంచిదేనమ్మా, కాదనను. కానీ మిల్ వాక్యం అర పేజీ ఉంటది, తెలుగు మీడియం పిల్లకి ఎవరు విడగొట్టి చెప్తారు? ఊళ్ళో లైబ్రరీ కూడా ఉండదు. మనం ఇక్కడ చెప్పేది చదివి పిల్ల సబ్జెక్టే వదిలేస్తే ఆ పాపం మనది.

కావలి కుర్రోడు:
దానికే యూట్యూబ్‌లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ శాండెల్ న్యాయం మీద చెప్పిన క్లాసులు పన్నెండున్నాయి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఆపుకుంటా చూడొచ్చు. అర్థంకాని మాటొస్తే అప్పుడు మాస్టారు చెప్పిన పుస్తకం తియ్యి.

ఉదయగిరి అమ్మాయి:
నాలుగో అధ్యాయం మూడు రోజులు పట్టింది, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివా. మాస్టారూ, స్వేచ్ఛ చాప్టరు కూడా ముందే చదివా, అది లేకపోతే నిజంగా మునిగిపోయేదాన్ని. మిల్ ఒకచోట అంటాడు, తాగుడు వల్ల ఇంటిని పోషించలేకపోతే శిక్షించొచ్చు, కానీ తాగినందుకు కాదు, ఇంటి బాధ్యత తప్పినందుకు. మా అమ్మమ్మ ఆ రోజుల్లో సారా అంగడి ముందు కూర్చున్న మనిషి, ఆమెకి తెలుగులో చెప్పా. శిక్షించేసరికి నాలుగు రోజులు పస్తులుంటాం కదే, ఆ లోపల పిల్లలకి కూడెవరు పెడతారు అనింది. మిల్‌లో దీనికి జవాబు నాకు దొరకలా, మీలో ఎవరికైనా దొరికిందా?