రోహిణి కార్తెలోనూ ఆరని గోడ

ప్రశ్న: స్నానాల గదిని ఆనుకున్న మా తూర్పు గోడ మోకాటి ఎత్తు వరకు చెమ్మగా ఉంటోంది. వానల వల్లేమో అనుకున్నాం, కానీ రోహిణి కార్తె ఎండల్లోనూ ఆరలేదు. ఉప్పు పూస్తోంది, వేలితో గీరితే పెచ్చు రాలుతోంది. బయట గోడ పక్కన మట్టి చెప్పులకు అంటుకుంటోంది. మేస్త్రి టైల్స్ అన్నీ పగలగొట్టాలంటారు, ప్లంబరు పైపులన్నీ మార్చాలంటారు. రంగుల దుకాణంలో చెమ్మ పట్టని రంగంటూ ఒక డబ్బా ఇచ్చారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు ఆ డబ్బా వెనక్కి ఇచ్చేయండి. తడి గోడకు లోపలి నుంచి రంగు వేస్తే పొక్కి ఊడుతుంది, చెమ్మ ఇంకో జానెడు పైకి ఎక్కుతుంది. అసలు తేల్చుకోవలసింది ఒకటే: కారుతున్నది ట్యాంకు నుంచి దిగే మంచి నీళ్ల పైపా, వాడిన నీళ్లు పోయే గొట్టమా?

రాత్రి ట్యాంకు నింపి, మోటారు ఆపి, నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లవారేదాకా ఎవరూ కుళాయి తిప్పకూడదు. మీటరు వెడల్పున్న గుండ్రటి ట్యాంకులో ఒక్క సెంటీమీటరు తగ్గినా దాదాపు 8 లీటర్లు పోయినట్టే. తగ్గితే మరునాడు ట్యాంకు కింది వాల్వు కట్టేసి మళ్లీ చూడండి. అప్పుడు తగ్గకపోతే దోషం పైపులోనే.

మరొకరు: నీళ్లు వదిలే రోజునే చెమ్మ పెరుగుతుంటే సంపులోకి వచ్చే పైపును కూడా అనుమానించాలి. మా ఇంట్లో అదే జరిగింది.

ప్రశ్న వేసినవారు: రెండు రాత్రులు చూశాను. గీత దగ్గర నుంచి నీళ్లు కదలలేదు. చెమ్మకూ నీళ్లు వదిలే రోజుకూ సంబంధం కనిపించలేదు.

జవాబు: అయితే వాడిన నీళ్ల వైపు చూడండి. గోడకు బయట మూరెడు లోతు గుంట తవ్వి, ఊరిన నీటిని తోడేయండి. బకెట్టు నీళ్లలో కేసరిలో వేసే రంగు చిక్కగా కలిపి స్నానాల గది నేలమీద పోయండి. గుంటలో రంగు కనిపించిందా, దొంగ దొరికినట్టే. కనిపించకపోతే మాత్రం గొట్టం బాగుందని అనుకోవద్దు, మట్టి రంగును పీల్చేస్తుంది.

ప్రశ్న వేసినవారు: మూడు గంటలకు గుంట అంచున ఎర్రటి చార కనిపించింది! నాలుగు టైల్స్ మాత్రమే తీయించాం. నేలమీది నీళ్లు దిగే జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌కూ పైపుకూ మధ్య పెట్టిన సిమెంటు చిట్లి, వేలు పట్టేంత సందు ఉంది. అతుకు వేయించాం. శ్రావణంలో వ్రతం ఉంది, ఈలోగా గోడకు రంగు వేయించవచ్చా?

జవాబు: వద్దండి. ఉప్పు పట్టిన ప్లాస్టరింగు గీకించి, ఇటుకలను గాలికి వదిలేయండి. ఆరడానికి నెలలు పడుతుంది. వ్రతానికి వచ్చినవాళ్లకు కనిపించకూడదని ఆ గోడకు బీరువా మాత్రం ఆనించకండి.